ఎక్కిన గేరు

ఆ రోజు ఉదయం వేసుకున్న పథకం చాలా సులువైనది. ఆరు గంటలకు అరకులో బయలుదేరాలి. గాలికొండ ఎక్కాలి, అనంతగిరి మీదుగా ఘాటీ దిగాలి, శృంగవరపుకోటలో ఇడ్లీ తినాలి, పదిన్నరకల్లా విశాఖపట్నంలో ఉండాలి. మధ్యాహ్నం రెండింటికి అక్కడ కాఫీ రుచి చూసే పెద్దమనుషులు కూర్చుంటారు. వాళ్ళు కాఫీని తాగరు. చెంచాతో తీసుకుని వీధంతా వినపడేలా జుర్రి, పక్కనున్న గిన్నెలో ఉమ్మేస్తారు. ఎవరి తోట గొప్పదో ఆ తర్వాత చెబుతారు. ఈ ఏడు వాళ్ళ ముందు పెట్టడానికి తొలిమంచు కాఫీ రైతుల సంఘం నుంచి ఒక్క తోటే ఎంపికైంది. అది కనక అనే రైతుది. రెండు దాటాక వచ్చిన కాఫీని ముట్టుకోబోమని వాళ్ళు ముందే కాగితం రాసి పంపారు.

ఇంత సులువైన పథకం చెడాలంటే అందుకు తగిన మనిషి ఒకడుండాలి. సంఘానికి అలాంటి మనిషి ముప్పై ఒక్క ఏళ్ళుగా ఉన్నాడు. ఆయన పేరు వరహాలరావు, సంఘం లారీకి డ్రైవరు.

వరహాలరావుది శృంగవరపుకోట దగ్గర ఒక పల్లె. ఇన్నేళ్ళలో ఆయన లారీకి ఒక్క గీత పడలేదు. ఆ సంగతి ఎవరూ అడగరు కాబట్టి ఆయనే చెబుతుంటాడు. ఘాటీ రోడ్డుకు ఆయన మూడు సూత్రాలు పెట్టుకున్నాడు. ఎక్కిన గేరులోనే దిగాలి. బండి ఆపితే ఫస్టు గేరులో పెట్టి ఆపాలి. హేండ్ బ్రేకును ఎన్నికల ముందు మాటను నమ్మినట్టు నమ్మకూడదు. ఈ మూడో సూత్రం పుణ్యమా అని సోంబరు అనే యాభై ఏళ్ళ మనిషికి సంఘంలో ఉద్యోగం దొరికింది. లారీ ఎక్కడ ఆగినా దూకి వెనక చక్రం కింద చెక్కదిమ్మ పెట్టడం అతని పని. లారీ ఆగితే దిమ్మ పెట్టాలి, అంతే. ఎందుకు ఆగిందని సోంబరు ఏనాడూ అడగలేదు.

పది రోజుల క్రితం సంఘానికి కొత్త లారీ వచ్చింది. చిన్నది, తెల్లనిది, ఆటోమేటిక్. గేర్లు అదే మార్చుకుంటుంది. క్లచ్చి లేదు. దాన్ని పట్టుబట్టి తెప్పించినవాడు సంఘం మేనేజరు లక్ష్మీప్రసాద్. ఆయన ఇంజినీరింగు చదివి కాఫీ సంఘంలో చేరాడు. చదివినదాన్ని పదిమందికీ వినిపించే అవకాశం పన్నెండేళ్ళ తర్వాత ఇప్పుడు దొరికింది గనుక, సర్వసభ్య సమావేశంలో మైకు వదల్లేదు.

"పూర్వం గేరు మార్చాలంటే చెయ్యీ కాలూ రెండూ కావాల్సి వచ్చేవి. తర్వాత ఒక మహానుభావుడు నూనె నిండిన డబ్బాలో రెండు ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టాడు. ఇంజిను ఒక ఫ్యాన్ని తిప్పుతుంది. అది నూనెను తోస్తుంది. ఆ నూనె రెండో ఫ్యాన్ని తిప్పుతుంది. మధ్యలో ఇనుముకీ ఇనుముకీ సంబంధమే లేదు! ఏ గేరు ఎప్పుడు పడాలో మొదట్లో నూనె ఒత్తిడే చెప్పేది, ఇప్పుడు కంప్యూటరు చెబుతుంది. ఎంతోమంది ఎన్నో ఏళ్ళు కష్టపడితే వచ్చిన పెట్టె ఇది."

"నూనెలో ఫేను తిరిగితే నూనె సిందుతాది గానీ, బండి కొండెక్కుతాదేటండీ?" అన్నాడు వరహాలరావు వెనక వరసలోంచి.

జనం నవ్వారు. కనక మాత్రం నవ్వలేదు. "ఎందుకెక్కదు డ్రైవరు బాబూ? మొన్న గెడ్డ పొంగితే మా గేదె కిలోమీటరు కొట్టుకుపోనాది. నీళ్ళకి సేతులున్నాయేటి, తొయ్యడానికి?" అంది.

ఈసారి జనం ఇంకా గట్టిగా నవ్వారు. వరహాలరావుకు ఒళ్ళు మండింది. లేచి నిలబడి అనకూడని మాట అనేశాడు. "గేర్లు లేని బండికి డ్రైవరెందుకండీ? కూకుంటే సాలు!"

సంఘం అధ్యక్షుడు ఫల్గుణ నెమ్మదస్తుడు. ఎవరేం అన్నా ఒకసారి నమిలి మింగుతాడు. ఈ మాటనూ అలాగే నమిలాడు. "నిజవే గావచ్చు. కూకోడానికైతే విశాఖపట్నంలో ట్రైనింగైన గుంటడు ఒకడున్నాడట. మొదటి ట్రిప్పు నువ్వే ఎల్లు వరాలూ. సూసి, బండి ఎవరికియ్యాలో అప్పుడు సెప్పుకుందాం" అన్నాడు.

వరహాలరావు పైకి నవ్వాడు గానీ ఆ పూట ఆయనకు అన్నం సయించలేదు. ఇంకా మూడేళ్ళ సర్వీసుంది. డ్రైవరు సీటు తప్ప కూర్చోవడం తెలిసిన చోటు ఆయనకు ఈ భూమ్మీద మరొకటి లేదు. అది పోతుందేమోనని నిజంగా భయం వేసింది. భయం వేసినప్పుడు గొంతు పెంచడం ఆయనకు అలవాటు. అందుకే, బండి అమ్మిన కంపెనీ నుంచి నేర్పడానికి ఒకతను వచ్చిన రోజున, "నాకు నేర్పుతాడా?" అని ఊరంతా వినపడేలా అని, అతనికి వీపు చూపించి పాఠం అయ్యేదాకా టీ తాగుతూ కూర్చున్నాడు. నాలుగు టీలు పట్టింది.

ఇక ప్రయాణం రోజు. ముందు సీట్లో వరహాలరావు, మధ్యలో మూడు వందల పన్నెండు పేజీల బండి పుస్తకంతో లక్ష్మీప్రసాద్, కిటికీ పక్కన ఒళ్ళో కాఫీ గింజల పొట్లంతో కనక. వెనక బస్తాల మీద దిమ్మతో సోంబరు. పాత లారీ షెడ్డులో ఫస్టు గేరులో, చక్రం వెనక దిమ్మతో, యజమాని వేరే దారి చూసుకుంటే అలిగినట్టు నిలబడి ఉంది.

కొత్త లారీ మెత్తగా కదిలింది. యాభై గజాలు వెళ్ళేసరికి వరహాలరావు ఎడం కాలు ముప్పై ఒక్క ఏళ్ళ అలవాటు కొద్దీ క్లచ్చి కోసం లేచింది. క్లచ్చి లేదు. దాని చోటికి దగ్గరలో వెడల్పాటి పెడలు ఒకటి దొరికింది. దొరికిందే చాలన్నట్టు కాలు దాన్ని నేలకంటా తొక్కింది. అది బ్రేకు. లారీ ఉన్నచోట నాటుకుపోయింది. లక్ష్మీప్రసాద్ నుదురు ముందున్న డేష్‌బోర్డుకు తగిలింది.

"బ్రేకు ఎలా ఉందో సూత్తన్నాను" అన్నాడు వరహాలరావు.

"ఉందండీ. కనిపించింది" అన్నాడు లక్ష్మీప్రసాద్ నుదురు రుద్దుకుంటూ.

లారీ ఆగింది గనుక సోంబరు దూకి వెనక చక్రం కింద దిమ్మ పెట్టాడు. లారీ కదిలింది గనుక దిమ్మ తీసుకుని పరుగెత్తి ఎక్కాడు. ఊరు దాటేలోపు ఇలా మరో రెండు సార్లు జరిగింది. మూడోసారి సోంబరు ఎక్కాడో లేదో ఎవరూ చూసుకోలేదు. అర కిలోమీటరు పోయాక అద్దంలో దిమ్మ నెత్తిన పెట్టుకుని పరుగెత్తుకొస్తున్న మనిషి కనిపించాడు.

"డ్రైవరు బాబూ, కాలు మాట ఇనకపోతే మడిసి కూకో" అంది కనక. కాఫీ పొట్లాన్ని రెండు చేతులా గుండెలకు పట్టుకునే ఉంది. "పంతులు బడిలో కుదురు లేని గుంటలకి అలాగే సెప్తాడు."

మాట పడటం కష్టంగానే ఉంది గానీ మేనేజరు నుదుటి మీద బొప్పి అంతకంతకూ పెరుగుతోంది. వరహాలరావు ఎడం కాలు సీటు మీదికి మడిచి, కుడి తొడ కిందికి తోసి, అది మళ్ళీ బయటికి రాకుండా తువ్వాలుతో కట్టేశాడు. సగం మనిషి పంక్తి భోజనానికి కూర్చున్నట్టు, సగం మనిషి లారీ నడుపుతున్నట్టు ఉంది. అయితే ఉపాయం పనిచేసింది. లారీ మళ్ళీ ఎక్కడా నాటుకోలేదు.

సుంకరిమెట్ట దాటి ఎత్తు మొదలైంది. పాత లారీ అయితే ఇక్కడ మూలిగేది. వరహాలరావు దాన్ని బుజ్జగించి, తిట్టి, గేరు తగ్గించి, పైకి లాక్కెళ్ళేవాడు. కొత్తది మాత్రం ఎవరి సలహా అడగకుండా ఎక్కేస్తోంది. ముందున్న తెర మీద D అనే అక్షరం తప్ప మరేమీ లేదు. వరహాలరావు ఎడం చెయ్యి నాలుగుసార్లు గేరు కోసం వెళ్ళి, చేసేదేమీ లేక లక్ష్మీప్రసాద్ మోకాలిని తడిమి తిరిగొచ్చింది. బండి అంత బాగా ఎక్కుతుంటే డ్రైవరు సంతోషించాలి. ఆయనకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తన అవసరం లేకుండా ఈ కొండ ఎక్కిన బండిని ఆయన చూడటం ఇదే మొదలు.

అప్పుడే ఆయనకు మొదటి సూత్రం గుర్తొచ్చింది. వెనక కిటికీ తెరిచి, "సోంబరూ! సౌండు ఇను. గేరు మారినప్పుడల్లా లెక్కెట్టు!" అని అరిచాడు.

గాలికొండ మీద ఎప్పటిలాగే మంచు కమ్ముకుని ఉంది. లోయను చూడటానికి వచ్చిన పర్యాటకులు లోయ కనపడక ఒకరినొకరు ఫొటోలు తీసుకుంటున్నారు. వరహాలరావు అచ్చియమ్మ టీ దుకాణం ముందు లారీ ఆపాడు. సోంబరు దిమ్మ పెట్టి వచ్చాడు.

"ఎన్నో గేరులో ఎక్కినాది?"

"పదిహేడో గేరు గురువా."

"ఏటీ?"

"మజ్జలో ఓసారి లెక్క తప్పినాను. పద్దెనిమిది కూడా అవ్వచ్చు."

"బండికి ఉన్నవే ఆరు గేర్లయ్యా!" అన్నాడు లక్ష్మీప్రసాద్. "అది పెంచుతుంది, తగ్గిస్తుంది, మళ్ళీ పెంచుతుంది. నువ్వు అన్నీ కూడావు."

"కూడమనే గదండీ సెప్పినారు?" అన్నాడు సోంబరు.

వరహాలరావు తాళం తీసి జేబులో వేసుకున్నాడు. "ఏ గేరులో ఎక్కిందో తెలీదు. తెలీకండా నాను దించను. ముందున్నది ఘాటీ. పద్నాలుగు మంది డ్రైవర్లు గేరు తీసేసి న్యూటర్లో దిగి ఏటైనారో నాకు తెలుసు."

"డీ లో పెట్టి దిగండి. మిగతాది కంప్యూటరు చూసుకుంటుంది."

"కంప్యూటరు పెళ్ళాం పిల్లలు శృంగవరపుకోటలో ఉన్నారేటండీ, నా వోళ్ళలాగ?"

లక్ష్మీప్రసాద్‌కు కడుపు మండింది. "అయితే ఒక పని చేద్దాం. వెనక్కి అరకు పోయి, మళ్ళీ ఎక్కి, ఈసారి జాగ్రత్తగా లెక్కపెట్టుకుందాం" అన్నాడు ఎగతాళిగా.

వరహాలరావు ఆ మాటను ఎగతాళి అనుకోలేదు. గడ్డం గోక్కుంటూ కాసేపు ఆలోచించాడు. తర్వాత ఆయన ముఖం పాలిపోయింది. "అరకు ఎల్లాలన్నా దిగాలి గదండీ."

నిజమే. కొండ మీద నిలబడ్డవాడికి నాలుగు వైపులా దిగుడే. ముందు నుయ్యి, వెనక గొయ్యి అన్న సామెతను ఇంత అక్షరాలా పాటించిన మనిషి ఆ రోడ్డు మీద అంతకుముందు లేడు.

"అయితే ఇక్కడే ఓ పాకేసుకుందాం" అంది కనక. "నాలుగేళ్ళు పోతే కాఫీ మొక్కలు కూడా కాపుకొస్తాయి."

వరహాలరావు ఆలోచించుకోవడానికి కిందికి దిగుదామనుకున్నాడు. తువ్వాలు విప్పి తలుపు తీసి ఎడం కాలు నేల మీద పెట్టాడు. గంటకు పైగా మడిచి కట్టిన కాలు తిమ్మిరెక్కి ఉంది. అది ఆయన బరువు మోయనంది. ఆయన నిలువునా అచ్చియమ్మ పొయ్యి పక్కన కూలాడు.

మామూలుగా గాలికొండ మీద సెల్‌ఫోన్లకు సిగ్నలుండదు. చెడ్డ కబురు అనేసరికి ఎక్కడో ఒక గీత దొరుకుతుంది. అచ్చియమ్మ సుంకరిమెట్టలో ఉన్న చెల్లెలికి ఫోను చేసి, సంఘం డ్రైవరు లారీలోంచి పడ్డాడని, కాలు కదలటం లేదని చెప్పింది. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. చెల్లెలు జీపు నడిపే యర్రయ్యకు పక్షవాతం అని చెప్పింది. అరకు చేరేసరికి యర్రయ్య, పక్షవాతం వచ్చినవాడు ఘాటీలో లారీని ఎలా ఆపుతాడని తనలో తానే తర్కించుకున్నాడు. ఆపలేడని తేల్చుకున్నాడు. ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమన్నారట. ఫల్గుణ చెవిన పడేసరికి కొత్త లారీ, దానిలోని నలుగురు, కనక కాఫీతో సహా లోయలో ఉన్నారు.

తొమ్మిదిన్నరకు యర్రయ్య జీపు గాలికొండ చేరింది. అందులో ఫల్గుణతో పాటు సంఘం సభ్యులు తొమ్మిది మంది ఉన్నారు. ఏడుపులు మలుపు అవతల నుంచే వినిపించాయి. జీపు దిగి చూస్తే వరహాలరావు బల్ల మీద కాలు చాపుకుని మూడో టీ తాగుతున్నాడు. అందరూ సంతోషించారు. అయినా అంత దూరం ఏడుస్తూ వచ్చినవాళ్ళకు ఎక్కడో కొంచెం మోసపోయినట్టు కూడా అనిపించింది. ఒకావిడ ఆపడం చేతగాక ఇంకో ఐదు నిమిషాలు ఏడ్చింది.

వాళ్ళ వెనకే అనంతగిరి వైపు నుంచి అంబులెన్సు వచ్చింది. ఎవరు ఫోను చేశారో ఎవరికీ తెలియదు. అందులోంచి తేజ అనే కుర్రడాక్టరు దిగి, వరహాలరావు ఎంత మొత్తుకుంటున్నా వినకుండా స్ట్రెచరు మీద పడుకోబెట్టి బీపీ చూశాడు.

"కాలు బాగానే ఉంది. బీపీ నూట డెబ్బై ఎనిమిది. ఈయన ఇప్పుడు సైకిలు కూడా తొక్కకూడదు" అన్నాడు.

"సైకిలుకి గేర్లుండవు గదండీ" అన్నాడు సోంబరు, సాయం చేద్దామని.

ఫల్గుణ విషయమంతా విన్నాడు. స్ట్రెచరు పక్కన గొంతుక్కూర్చున్నాడు. కోపంగా లేడు. అదే వరహాలరావుకు ఎక్కువ బాధ కలిగించింది. "వరాలూ, గేర్లు లేని బండికి కూకుంటే సాలన్నావు. గంటన్నర నుంచీ కూకున్నావు గదా. మరి కదల్లేదేటి?"

వరహాలరావు కళ్ళు మూసుకున్నాడు. లక్ష్మీప్రసాద్ పక్కకు పోయి విశాఖపట్నం డ్రైవరుకు ఫోను చేసి వచ్చాడు. అతను బయలుదేరినా ఇక్కడికి వచ్చేసరికి ఒంటిగంట అవుతుందట. మళ్ళీ దిగి పట్నం చేరాలంటే సాయంత్రమే. పొట్లంతో పాటు బస్తాలూ చేరాలని పెద్దమనుషులు కాగితంలో రాశారు గనుక యర్రయ్య జీపులో పోయే దారీ లేదు. అంటే కనక కాఫీ పని అయిపోయినట్టే. వరహాలరావు సీటు పనీ అయిపోయినట్టే.

కనక అప్పుడు లేచింది.

"రెండేళ్ళు కాయ తొలుసుపురుగు తినేసినాది. పోయినేడు పూత టయానికి వాన లేదు. ఈ ఏడు నిలబడినాది. పండిన కాయే కొయ్యాలని ఒక్కో సెట్టు దగ్గరికి ఐదుసార్లు ఎల్లినాను. ఐదుసార్లు!" ఆమె ఒళ్ళోని పొట్లాన్ని పైకెత్తి చూపించింది. "దాన్ని పురుగు ఆపలేదు, వాన ఆపలేదు. ఇదుగో, ఈ బాబు నోరు ఆపినాది. ఆ బాబు పుస్తకం ఆపినాది. అవును మేనేజరు బాబూ, పొద్దుట్నుంచీ సంకలో ఎట్టుకు తిరుగుతున్నావు. ఆ పుస్తకంలో బండి ఎక్కడం గురించే రాసినారేటి? దిగడం గురించి ఏటీ రాయలేదా?"

లక్ష్మీప్రసాద్ తెల్లబోయాడు. నిజానికి ఘాటీ రోడ్డు మీద పుస్తకం తెరిస్తే ఆయనకు వాంతి వస్తుంది. అందుకని నూనెలో ఫ్యాన్లు తిరిగే అధ్యాయం దగ్గరే ఆగిపోయాడు. కానీ ఇప్పుడు బండి కదలటం లేదు. పైగా పది మంది సాక్షుల ముందు ఈ మూర్ఖుడి నోరు మూయించే అవకాశం. "ఎందుకు రాయరు? చదువుతాను, అందరూ వినండి" అని పేజీలు తిప్పి, గొంతు సవరించుకుని, ఇంగ్లీషును అక్కడికక్కడే తెలుగు చేస్తూ మొదలుపెట్టాడు.

"పొడవైన ఏటవాలు రోడ్డు దిగేటప్పుడు... ఊరికే డీ లో ఉంచి... బ్రేకుల మీద ఆధారపడరాదు."

స్ట్రెచరు మీద ఒక కన్ను తెరుచుకుంది.

"బ్రేకులు వేడెక్కి పట్టు తప్పే ప్రమాదం గలదు. కాబట్టి గేరును చేత్తో ఎంచుకొని..." లక్ష్మీప్రసాద్ గొంతు నెమ్మదించింది. "ఆ ఏటవాలును... ఎక్కడానికి... ఏ గేరు అవసరమగునో..."

"ఊఁ?" అన్నాడు ఫల్గుణ.

"...అదే గేరులో దిగవలెను."

అచ్చియమ్మ పొయ్యి మీద పాలు పొంగిపోయాయి.

"నాకు సరిగ్గా ఇనపళ్ళేదండీ" అన్నాడు వరహాలరావు లేచి కూర్చుంటూ. "మళ్ళీ సదవండి."

లక్ష్మీప్రసాద్ మళ్ళీ చదివాడు. జీపులో వచ్చినవాళ్ళ కోసం మూడోసారి చదవాల్సి వచ్చింది. ఏడుపు ఆపలేకపోయిన ఆవిడ అది విని కళ్ళు తుడుచుకుని, "ఏ దేశపోడు రాసినాడో గానీ, మన డ్రైవరు బాబు దగ్గరే నేర్సుకున్నట్టున్నాడు" అంది. తేజ ఎందుకైనా మంచిదని మరోసారి బీపీ చూశాడు. నూట ముప్పై రెండు. అంత పని చేసే మాత్ర తన పెట్టెలో లేదని ఒప్పుకున్నాడు.

"అదంతా బాగానే ఉంది గానీ, సేత్తో గేరు ఎంచుకోడానికి అందులో గేరు రాడ్డేదండీ?" అన్నాడు వరహాలరావు.

లక్ష్మీప్రసాద్ లారీ తలుపు తీసి చూపించాడు. D పక్కకు లివరు జరపడానికి ఒక గాడి ఉంది. దాని మీద ఒక ప్లస్సు, ఒక మైనస్సు. "ఇటు జరిపి ప్లస్సుకు తోస్తే గేరు పెరుగుతుంది, మైనస్సుకు లాగితే తగ్గుతుంది. ఎన్నో గేరో తెరమీద అంకె పడుతుంది."

"అదేటండీ! రేడియో సౌండు పెంచేదనుకున్నాను."

"నేర్పడానికి వచ్చినతను అరగంట దీని గురించే చెప్పాడు."

"ఆ రోజు టీ బాగుందండీ" అన్నాడు వరహాలరావు కొంచెం సిగ్గుపడి.

అయితే మరి ఏ గేరులో దిగాలి? సోంబరు పద్దెనిమిది అన్నాడు. వరహాలరావు అతన్ని జాలిగా చూశాడు. "ఈ ఘాటీ ఏ గేరులో ఎక్కాలో నాకు తెల్దేటి? ముప్పై ఒక్క ఏళ్ళుగా సెకండే. ఇది సెప్పకండా దొంగతనంగా ఎక్కేసినాది గాబట్టి గానీ!"

పది ముప్పావుకు లారీ కదిలింది. తెర మీద రెండు అంకె పడింది. ఇంజిను గట్టిగా రొద పెడుతూ బండిని వెనక్కి పట్టి ఉంచింది. ఆ రొద చెవిన పడగానే వరహాలరావు ముఖం వెలిగింది. అది ఆయనకు తెలిసిన మాట. మలుపు మలుపుకూ పాత స్నేహితుడితో మాట్లాడినట్టు ఏదో గొణుక్కుంటూ దించాడు. కాలు మాత్రం మడిచే ఉంచాడు. బ్రేకులు కాలిన వాసన రాలేదు. ఇడ్లీ ఊసు ఎవరూ ఎత్తలేదు.

ఒంటిగంట నలభై ఎనిమిదికి కనక పొట్లం బల్ల మీద పెట్టింది. వేయించారు, దంచారు, నీళ్ళు పోశారు. పెద్దమనుషులు వరసగా జుర్రారు, ఉమ్మారు, ముఖాలు చూసుకున్నారు, మళ్ళీ జుర్రారు. వాళ్ళలో అందరికంటే పెద్దాయన పొరపాటున మింగేశాడు. ఆ వృత్తిలో అంతకంటే పెద్ద ప్రశంస లేదట. కనక వీధిలోకి వచ్చి లారీ తలుపు మీద చెయ్యి వేసి నిలబడింది. "డ్రైవరు బాబూ, మింగేసినాడు" అంది.

మర్నాడు పొద్దున్నే సంఘం సమావేశం జరిగింది. ఫల్గుణ శాలువా కప్పి, కొత్త లారీ తాళాలు వరహాలరావు చేతిలో పెట్టి, "ముప్పై ఒక్క ఏళ్ళు గీత పడని సెయ్యి. పుస్తకం కూడా ఆయన మాటే సెప్పినాది. ఇంక ఈ సీటు గురించి ఎవురూ మాటాడొద్దు" అన్నాడు. వరహాలరావు మైకు అందుకున్నాడు. నిన్నటిదాకా తిట్టినవాడే ఆటోమేటిక్ గురించి అరగంట చెప్పాడు. నూనెలో రెండు ఫేన్లు ఎదురెదురుగా ఎలా తిరుగుతాయో రెండు అరచేతులూ తిప్పి చూపించాడు. క్లచ్చి అనేది పాతకాలపు మోటు వ్యవహారమని, ఒకరోజు కాలు మడుచుకుని నడిపినవాడు మళ్ళీ దాని ముఖం చూడడని తేల్చేశాడు. లక్ష్మీప్రసాద్ నుదుటి బొప్పి తడుముకుంటూ విన్నాడు.

సభ అయ్యాక రెండు లారీలనూ పక్కపక్కన నిలబెట్టి ఫొటో తీద్దామన్నది లక్ష్మీప్రసాదే. కొత్తది అప్పుడే కడిగి షెడ్డు ముందు పెట్టారు. దానికి నాలుగు అడుగుల వెనక, షెడ్డులో, పాతది ఉంది. నేల వెనక్కి వాలుగా ఉండటంతో దిమ్మ వెనక చక్రానికి వెనకే ఉంది. రెండో సూత్రం ప్రకారం బండి ఫస్టు గేరులో ఉంది. వరహాలరావు శాలువాతోనే పాత లారీ ఎక్కాడు. ఎడం కాలు హాయిగా మడిచి కుడి తొడ కిందికి తోసుకున్నాడు. జనం వైపు చూసి నవ్వుతూ తాళం తిప్పాడు.

పాత లారీకి కంప్యూటరు లేదు. క్లచ్చి తొక్కకుండా తాళం తిప్పితే, ఉన్న గేరులో ఉన్నట్టే ముందుకు దూకడం ఒక్కటే దానికి తెలుసు. దూకింది. కొత్త లారీ వెనక తలుపు, రెండు దీపాలు, నంబరు పలక ఒక్క దెబ్బతో లోపలికి పోయాయి. లారీ ఆగింది గనుక సోంబరు పరుగెత్తి చక్రం కింద దిమ్మ పెట్టాడు.

ఫల్గుణ చాలాసేపు నమిలాడు. "కొత్త బండి పదిహేను రోజులు మెకానిక్కు దగ్గరుంటాది. అంతదాకా పాతదే గతి. దీన్ని నడపడం నీకు తప్ప ఎవురికి వచ్చు? కూకో, ఆ సీట్లోనే కూకో" అన్నాడు.

ఏ గేరులో గుద్దావని ఆయన్ను ఎవరూ అడగలేదు గానీ, ఈసారి మాత్రం వరహాలరావుకు కచ్చితంగా తెలుసు.